మందును మోసే లైపోసోమ్‌ల నిలకడ: మైక్రోఫ్లూయిడిక్స్ చేయగలిగిందీ, చేయలేనిదీ

(ఫార్మసీ, రసాయనశాస్త్ర పరిశోధక విద్యార్థులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఈ రోజు నేను మాట్లాడవలసిన విషయం, సన్నని కాలువల్లో ద్రవాలను నడిపే మైక్రోఫ్లూయిడిక్స్ పద్ధతిలో, మందును మోసే సూక్ష్మ కొవ్వు గోళాలైన లైపోసోమ్‌లను నిలకడగా ఉండేలా తయారు చేయడం. ఒకే విషయంలా కనిపించినా ఇందులో రెండు వేర్వేరు పనులున్నాయి. లైపోసోమ్‌లన్నిటినీ ఒకే పరిమాణంలో, ప్రతిసారీ ఒకే తీరుగా పుట్టించడం మొదటిది. అలా పుట్టినవి నెలల తరబడి సీసాలోనూ, ఆ తరవాత గంటల తరబడి రక్తంలోనూ తమలోని మందును జారవిడవకుండా ఉండడం రెండోది. వెంట్రుక మందపు కాలువలు చెక్కిన చిప్ మొదటి పనిని ఎంతో చక్కగా చేస్తుంది. రెండో పనిలో దాని పాత్ర చాలా పరిమితం. ఎంచుకున్న కొవ్వు పదార్థాలు, చిప్ దాటిన తరవాతి కొద్ది నిమిషాలు, మందును లోపలికి పంపిన విధానం, నిల్వ ఉంచిన ద్రావణం, ఇవే లైపోసోమ్ ఆయుష్షును నిర్ణయిస్తాయి. చిప్ నుంచి వచ్చిన అందమైన పరిమాణాన్ని చూసి నిలకడ కూడా దానితోపాటే వచ్చిందనుకునే ధోరణి ఈ రంగంలో బాగా ఉంది కనుక, ఈ ప్రసంగంలో ఎక్కువ భాగాన్ని ఆ తేడాకే కేటాయిస్తాను.

లైపోసోమ్ నిర్మాణం మీకు తెలిసినదే కనుక క్లుప్తంగా చెబుతాను. ఫాస్ఫోలిపిడ్ అణువుకు నీటితో పొసగే తల ఒకటి, నీటికి దూరంగా ఉండజూసే కొవ్వు ఆమ్లపు తోకలు రెండు ఉంటాయి. నీటిలో ఈ అణువులు తోకలను లోపలికి, తలలను బయటికి పెట్టుకొని 4 నుంచి 5 నానోమీటర్ల మందమున్న జంటపొరగా ఏర్పడతాయి. ఆ జంటపొర తనలో తాను మూసుకుంటే, మధ్యలో కొంత నీరు చిక్కుకున్న గోళం తయారవుతుంది. నీటిలో కరిగే మందు ఆ లోపలి నీటిలోనూ, కొవ్వులో కరిగే మందు పొరలోనూ చేరుతుంది. 1960ల తొలినాళ్లలో ఇంగ్లండ్‌లోని బాబ్రహామ్‌లో అలెక్ బాంగమ్ తన సహచరులతో కలిసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఈ నిర్మాణాలను గుర్తించాడు. అమెరికాలో డాక్సోరుబిసిన్ అనే కేన్సర్ మందును మోసే లైపోసోమ్ ఔషధం డాక్సిల్‌కు 1995లో అనుమతి లభించింది. అంటే గమనించిన నాటి నుంచి కేన్సర్ రోగికి చేరే నాటికి మూడు దశాబ్దాలకు పైగా పట్టింది. ఆ కాలంలో పెద్ద భాగం నిలకడ సమస్యను తీర్చడానికే ఖర్చయిందని చెబితే తప్పు కాదు.

పాత పద్ధతిలో కొవ్వు పదార్థాలను సేంద్రియ ద్రావణిలో కరిగించి, గుండ్రని గాజు పాత్ర గోడల మీద పలుచని పొరగా ఆరబెట్టి, ఆపైన నీరు పోసి కలుపుతారు. అప్పుడు ఉల్లిపాయలా పొర మీద పొరగా, వందల నానోమీటర్ల నుంచి కొన్ని మైక్రాన్ల వరకు రకరకాల పరిమాణాల్లో ముద్దలు వస్తాయి. వాటిని 100 నానోమీటర్ల రంధ్రాలున్న పాలికార్బొనేట్ పొర గుండా పదేపదే ఒత్తిడితో నెట్టి గానీ, అల్ట్రాసౌండ్‌తో పగలగొట్టి గానీ చిన్నవి చేస్తారు. ముందు పెద్దవాటిని తయారు చేసి, తరవాత వాటిని పగలగొట్టడం ఇక్కడి మార్గం. ఫలితాలు మంచివే. నేటికీ ఎన్నో ప్రయోగశాలల్లో ఇదే నడుస్తోంది. కానీ పొర ఎండిన తీరు, పాత్ర తిరిగిన వేగం, నీరు పోసిన ఉష్ణోగ్రత, ఇలా చేతివాటంతో ముడిపడిన అంశాలు ఇందులో చాలా ఉన్నాయి. ఒకరు చేసినట్టు మరొకరు చేయలేరు. 1973లో బాట్జ్రీ, కార్న్ అనే పరిశోధకులు మరో మార్గం చూపించారు. కొవ్వు పదార్థాలను ఇథనాల్‌లో కరిగించి, సూది ద్వారా నీటిలోకి వేగంగా ఎక్కించినప్పుడు, పగలగొట్టే పని లేకుండానే చిన్న లైపోసోమ్‌లు నేరుగా పుట్టాయి. మైక్రోఫ్లూయిడిక్స్ పద్ధతి ఈ ఇథనాల్ పద్ధతికి వారసురాలే. సూది మొన దగ్గర అదుపు లేకుండా జరిగే కలయికను అది అదుపులోకి తెచ్చింది.

ఆ కలయికలో జరిగేదేమిటో చూద్దాం. ఇథనాల్‌లో కొవ్వు అణువులు విడివిడిగా, సుఖంగా ఉంటాయి. నీరు వచ్చి కలిసేకొద్దీ వాటికి ఆ ద్రావణంలో చోటు కరువవుతుంది, దాంతో అవి ఒకదానినొకటి చేరి చిన్న చిన్న జంటపొర పలకలుగా మారతాయి. పలక అంచు దగ్గర తోకలు నీటికి తగులుతూ ఉంటాయి కనుక అంచు ఎంత పొడవుగా ఉంటే అంత శక్తి నష్టం. పలకలు ఒకదానితో ఒకటి అతుక్కుని పెద్దవయ్యే కొద్దీ ఈ నష్టం పెరుగుతుంది. ఒక దశకు వచ్చేసరికి, పొరను వంచడానికయ్యే శక్తి కంటే అంచును భరించడానికయ్యే శక్తి ఎక్కువవుతుంది. అప్పుడు పళ్లెం అంచులు పైకి లేచి గిన్నెలా, ఆ గిన్నె మూతి మూసుకుని బంతిలా, పలక కాస్తా లైపోసోమ్ అవుతుంది. ఏ పరిమాణం దగ్గర మూసుకుంటుందన్నది రెండు కాలాల మధ్య పోటీని బట్టి ఉంటుంది. ఇథనాల్, నీరు పూర్తిగా కలిసేందుకు పట్టే కాలం ఒకటి, పలకలు ఒకదానిని ఒకటి కలుసుకుని పెరిగే కాలం మరొకటి. కలయిక నెమ్మదిగా జరిగితే, సగం ఇథనాల్ ఉన్న మెత్తని పరిస్థితుల్లో పలకలు చాలాసేపు ఉండిపోయి, పెద్దవై, పెద్ద లైపోసోమ్‌లుగా మూసుకుంటాయి. పైగా పాత్రలో ఒక్కోచోట ఒక్కో వేగంతో కలవడం వల్ల పరిమాణాలు చెదిరిపోతాయి. కలయిక వేగంగా, అన్నిచోట్లా ఒకేలా జరిగితే చిన్నవి, ఒకే తీరువి వస్తాయి.

ఇక్కడే సన్నని కాలువ ఉపయోగపడుతుంది. 100 మైక్రాన్ల వెడల్పున్న కాలువలో నీరు సెకనుకు 10 సెంటీమీటర్ల వేగంతో పోతుంటే, ప్రవాహం సాఫీగా సాగుతుందో సుడులు తిరుగుతుందో చెప్పే రేనాల్డ్స్ సంఖ్య సుమారు 10 ఉంటుంది. గొట్టంలో ప్రవాహం సుడులు తిరగడానికి కావలసిన సుమారు 2,000తో పోలిస్తే ఇది చాలా తక్కువ. కనుక ఈ కాలువలో ద్రవాలు పొరలు పొరలుగా, పక్కపక్కనే సాగిపోతాయి తప్ప చిలికినట్టు కలవవు. కలవడమంటూ జరిగితే అది అణువుల విసరణ వల్లనే, అంటే అవి వాటంతట అవే అటూ ఇటూ వ్యాపించడం వల్లనే జరగాలి. విసరణకు పట్టే కాలం దూరం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఇథనాల్ నీటిలో 100 మైక్రాన్లు విసరించడానికి సుమారు 5 సెకన్లు పడితే, 10 మైక్రాన్లకు 50 మిల్లీసెకన్లు, ఒక్క మైక్రాన్‌కు అర మిల్లీసెకను చాలు. అందువల్ల మిశ్రణ వేగాన్ని పెంచడమంటే మరింత గట్టిగా కలపడం కాదు, ఇథనాల్ ధారను మరింత సన్నం చేయడం. 2004లో అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో ఆండ్రియాస్ యాన్ బృందం సరిగ్గా ఇదే చేసింది. మధ్య కాలువలో కొవ్వు పదార్థం కరిగిన ఆల్కహాల్‌ను, ఇరుపక్కల కాలువల్లో నీటి ద్రావణాన్ని పంపి, పక్క ధారల ఒత్తిడితో మధ్య ధారను మైక్రాన్ల మందానికి నొక్కింది. పక్క ధారల వేగం మార్చడం ద్వారా లైపోసోమ్ పరిమాణాన్ని కోరినట్టు మార్చగలిగింది.

ఆ తొలి చిప్‌ల లోపం ఉత్పత్తి. నిమిషానికి 100 మైక్రోలీటర్ల చొప్పున నడిపితే గంటకు వచ్చేది 6 మిల్లీలీటర్లే. దీనికి పరిష్కారం అంతకు ముందే, 2002లో, అబ్రహం స్ట్రూక్ తదితరులు హార్వర్డ్‌లో చూపించిన మరో నిర్మాణంలో దొరికింది. కాలువ అడుగున చేప వెన్నెముకను తలపించే ఏటవాలు గాళ్లు (గాడులు) చెక్కితే, ప్రవాహం పొరలుగా సాగుతూనే మెలి తిరుగుతుంది. ప్రతి మెలికతో రెండు ద్రవాల పొరలు మడతబడి, సాగి, పలుచనవుతాయి. మడతలు పెరిగే కొద్దీ విసరణ దాటవలసిన దూరం తగ్గిపోతుంది. 2012 ప్రాంతంలో కెనడాలోని వాంకూవర్‌లో పీటర్ కల్లిస్ బృందం ఈ మిక్సర్‌ను కొవ్వు నానోకణాలకు వాడి, మిల్లీసెకన్లలో మిశ్రణం పూర్తయ్యేలా చేసింది. ఆ తరవాత వలయాకారపు కాలువల్లో వంపు తిరిగే ద్రవంలో పుట్టే డీన్ సుడుల సాయంతో కలిపే చిప్‌లు కూడా వచ్చాయి. వాటిలో ప్రవాహ వేగాన్ని ఇంకా పెంచవచ్చు.

చిప్ ముందు కూర్చున్నవారి చేతిలో ప్రధానంగా రెండే మీటలుంటాయి. రెండు ధారలూ కలిసి నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు పోతున్నాయన్నది ఒకటి, నీటి ధారకు ఇథనాల్ ధారకు మధ్య నిష్పత్తి రెండోది. చేపముల్లు గాళ్లున్న చిప్‌లలో నిమిషానికి 12 మిల్లీలీటర్లు, మూడింటికి ఒకటి నిష్పత్తి అన్నవి తరచుగా కనిపించే అంకెలు. మొత్తం వేగాన్ని క్రమంగా పెంచుతూ పరిమాణాన్ని కొలిస్తే, మొదట లైపోసోమ్‌లు చిన్నవవుతూ పోయి, ఒక వేగం దాటాక తగ్గడం మానేస్తాయి. ఎందుకంటే అప్పటికి మిశ్రణ కాలం పలకలు పెరిగే కాలం కంటే తక్కువైపోయింది, ఇక వేగం పెంచినా ప్రయోజనం లేదు. గ్రాఫ్ గీస్తే కనిపించే ఆ చదునైన భాగంలో పరిమాణాన్ని నిర్ణయించేవి కొవ్వు పదార్థాల స్వభావం, చివరి ఇథనాల్ పాళ్లు. నా అభిప్రాయంలో పనిచేయవలసిన చోటు ఇదే. పంపు కొద్దిగా తడబడినా, కాలువ కొలతలో స్వల్ప తేడా ఉన్నా అక్కడ ఫలితం మారదు. వాలు మీద, అంటే పరిమాణం వేగాన్ని బట్టి మారుతున్న చోట, అంకెను సరిగ్గా కుదుర్చుకుని పనిచేసేవారు చిప్ మారగానే ఇబ్బంది పడతారు.

నిష్పత్తి విషయం అంత సులువు కాదు. మూడింటికి ఒకటి నిష్పత్తిలో బయటికి వచ్చే ద్రవంలో 25 శాతం ఇథనాల్ ఉంటుంది. తొమ్మిదింటికి ఒకటి చేస్తే 10 శాతమే ఉంటుంది, లైపోసోమ్‌లు ఇంకా చిన్నవిగా వస్తాయి. కానీ కొవ్వు పదార్థం గాఢత ఇథనాల్ ధారలో ఉన్నదానిలో పదో వంతుకు పడిపోతుంది, దానిని తిరిగి చిక్కబరచడానికి మరో యంత్రం, మరికొన్ని గంటలు కావాలి.

అసలు అంత చిన్నవి కావాలా అన్న ప్రశ్న కూడా వేసుకోవాలి. చిప్‌తో పని మొదలుపెట్టినవారు 40 నానోమీటర్లు చూపిస్తే సంతోషిస్తారు, 30 వస్తే మరీ సంతోషిస్తారు. ఒక చిన్న లెక్క వేసి చూడండి. 100 నానోమీటర్ల ఒంటిపొర (ఒకే జంటపొర ఉన్న) లైపోసోమ్‌లో సుమారు 80,000 కొవ్వు అణువులుంటాయి. లీటరుకు 10 మిల్లీమోల్‌ల కొవ్వు పదార్థం ఉన్న ద్రావణంలో అన్ని లైపోసోమ్‌ల లోపలి నీటినీ కలిపితే మొత్తం ద్రావణంలో అది 3 శాతానికి మించదు. వ్యాసాన్ని 50 నానోమీటర్లకు తగ్గిస్తే ఆ వాటా సుమారు ఒక శాతానికి పడిపోతుంది. నీటిలో కరిగే మందును నీటి ధారలో కలిపి చిప్‌లోకి పంపి, అది దానంతట అదే లోపల చిక్కుకుంటుందని ఎదురుచూస్తే, నూటికి 97 నుంచి 99 వంతుల మందు బయటే ఉండిపోతుందన్నమాట. ఇక రెండో చిక్కు వంపు. మరీ చిన్న గోళంలో బయటి పొర విచ్చుకుని, లోపలి పొర ఇరుకై ఉంటుంది. ఆ ఒత్తిడిని తగ్గించుకోవడానికి చిన్న లైపోసోమ్‌లు నెమ్మదిగా ఒకదానితో ఒకటి కలిసి పెద్దవవుతాయి. సంతృప్త తోకలున్న డీపీపీసీ వంటి కొవ్వుతో చేసిన 20-30 నానోమీటర్ల గోళాలను పొర గట్టిపడే ఉష్ణోగ్రత కంటే కింద ఉంచితే ఈ కలయిక స్పష్టంగా కనిపిస్తుంది. కనుక 70 నుంచి 100 నానోమీటర్ల మధ్య ఉండడం చాలా మందులకు మంచి రాజీ. 220 నానోమీటర్ల రంధ్రాలున్న వడపోత గుండా పంపి సూక్ష్మజీవుల్లేకుండా చేయడానికి కూడా ఆ పరిమాణం అనువుగా ఉంటుంది.

ఇప్పుడు పొర సంగతికి వద్దాం. ప్రతి ఫాస్ఫోలిపిడ్‌కూ ఒక దశ మార్పు ఉష్ణోగ్రత ఉంటుంది. దానికి కింద తోకలు నిటారుగా, బిగుతుగా పేరుకుని పొర గట్టిగా ఉంటుంది. దానికి పైన తోకలు కదులుతూ పొర ద్రవంలా ఉంటుంది. డీపీపీసీకి అది 41 డిగ్రీలు, డీఎస్‌పీసీకి 55 డిగ్రీలు, తోకల్లో ద్విబంధమున్న డీఓపీసీకి సున్నాకంటే చాలా కింద. శరీర ఉష్ణోగ్రత 37 డిగ్రీలు కనుక, రక్తంలో మందును పట్టి ఉంచాలంటే దశ మార్పు దానికి బాగా పైన ఉన్న కొవ్వులే మేలు. డాక్సిల్‌లో వాడే హైడ్రోజనీకరించిన సోయా ఫాస్ఫాటిడిల్‌కోలిన్ ఆ కోవకు చెందిందే. అయితే గట్టి పొర ఒక్కటీ చాలదు. గట్టి పలకల మధ్య సందుల్లో నుంచి మందు కారిపోతుంది. ఆ సందుల్లో కొలెస్టరాల్ చేరి, గట్టి పొరను కొంచెం సడలించి, మెత్తని పొరను కొంచెం బిగించి, రెండు దశల మధ్య ఉన్న అంచును చెరిపేస్తుంది. అణువుల లెక్కన 30 నుంచి 45 శాతం వరకు కొలెస్టరాల్ కలపడం మామూలు. ఇవి కాక, పాలిథిలిన్ గ్లైకాల్ గొలుసు తగిలించిన కొవ్వును 5 శాతం దాకా కలుపుతారు. గోళాలు ఒకదానికొకటి అంటుకోకుండా, రక్తంలోని ప్రోటీన్లు వెంటనే మీద పడకుండా అది అడ్డుకుంటుంది. చిప్‌లో దానికి మరో పాత్ర ఉంది. పలకల అంచుల దగ్గర చేరి వాటి పెరుగుదలను ఆపి, పరిమాణాన్ని తగ్గిస్తుంది. మోతాదు మించితే మాత్రం పలకలు మూసుకోకుండా బిళ్లలుగానే మిగిలిపోవచ్చు, లేదా మధ్యలో నీరు లేని చిన్న గుంపులైన మైసెల్‌లుగా విడిపోవచ్చు. పరిమాణం కొలిచే యంత్రం వాటిని కూడా చిన్న, చక్కని లైపోసోమ్‌లుగానే చూపిస్తుంది.

గట్టి పొరనిచ్చే కొవ్వులు చిప్‌కు అంత ఇష్టమైనవి కావు. డీఎస్‌పీసీ గది ఉష్ణోగ్రత దగ్గర ఇథనాల్‌లో సరిగా కరగదు. వేడి చేసి కరిగించినా, సిరంజిలోనో గొట్టంలోనో చల్లబడితే తెల్లగా విడిపోయి కాలువను మూసేస్తుంది. అందుకని సిరంజి, గొట్టం, చిప్ మూడింటినీ వెచ్చగా ఉంచాలి, చిప్‌ను మాత్రమే వేడి పలక మీద పెడితే చాలదు. మరో చిక్కు గాలి బుడగలు. గాలి కరిగి ఉన్న నీరు, గాలి కరిగి ఉన్న ఇథనాల్ కలిసినప్పుడు ఆ మిశ్రమంలో అంత గాలి ఇమడక బుడగలుగా బయటికి వస్తుంది. ఒక్క బుడగ గాళ్లలో ఇరుక్కుంటే అక్కడి మిశ్రణమంతా దెబ్బతింటుంది. ద్రావణాలలోని గాలిని ముందే తీసివేయడం చిన్న పనే అయినా తప్పనిసరి పని. ప్రవాహం మొదలైన తొలి క్షణాల్లోనూ, సిరంజి ఖాళీ అయ్యే చివరి క్షణాల్లోనూ నిష్పత్తి సరిగా ఉండదు కనుక ఆ రెండు భాగాలనూ పారబోయాలి. విలువైన మందు కదా అని వాటిని దాచుకుని మిగిలిన దానిలో కలిపితే పరిమాణాల వ్యాప్తి పెరుగుతుంది. ఇక చిప్ చేసిన పదార్థం మాట. పరిశోధనలో ఎక్కువగా వాడే సిలికోన్ రబ్బరు ఇథనాల్‌ను తట్టుకుంటుంది గానీ క్లోరోఫాం వంటి ద్రావణులకు ఉబ్బిపోతుంది, కొవ్వును ఇష్టపడే మందులను పీల్చుకుంటుంది. గాజు గానీ, సైక్లిక్ ఓలిఫిన్ ప్లాస్టిక్ గానీ మేలు.

చిప్ దాటిన తరవాతి కొద్ది నిమిషాల గురించి మొదట్లో చెప్పాను. బయటికి వచ్చే ద్రవంలో పావు వంతు ఇథనాలే అన్నది మరవకండి. ఆ ఇథనాల్ పొరలోకి చేరి దానిని మెత్తబరుస్తుంది, పొర గుండా మందు కారేలా చేస్తుంది, లైపోసోమ్‌లు ఒకదానితో ఒకటి కలిసిపోయేందుకు దారి తీస్తుంది. చిప్ ఎంత చక్కగా పనిచేసినా, సేకరించిన గొట్టాన్ని బల్ల మీద వదిలేసి సాయంత్రం వడపోయవచ్చులే అనుకుంటే, సాయంత్రానికి ఉండేది ఉదయం పుట్టినది కాదు. కాలువ చివరి నుంచి వచ్చే ధార నేరుగా ఎక్కువ పరిమాణంలో ఉన్న బఫర్‌లో (పీహెచ్‌ను మారకుండా ఉంచే ద్రావణంలో) పడేలా ఏర్పాటు చేసి, ఇథనాల్‌ను తక్షణం 10 శాతానికి లోపుగా తగ్గించడం మంచి పద్ధతి. ఆ తరవాత డయాలిసిస్ ద్వారా గానీ, పొర వెంబడి అడ్డంగా ద్రవం సాగే టాంజెన్షియల్ ఫ్లో వడపోత ద్వారా గానీ మిగిలిన ఇథనాల్‌ను తీసివేసి, కావలసిన గాఢతకు చిక్కబరచాలి. మందులలో మిగిలిపోయే ద్రావణుల గురించి అంతర్జాతీయ మార్గదర్శకాలు ఇథనాల్‌ను తక్కువ హాని వర్గంలో ఉంచి 5,000 పీపీఎం (పది లక్షల వంతుల్లో 5,000 వంతులు) వరకు, మిథనాల్‌ను అంతకంటే హానికర వర్గంలో ఉంచి 3,000 పీపీఎం వరకు అనుమతిస్తాయి. ఇథనాల్‌తో సాధ్యమైనప్పుడు మిథనాల్ జోలికి వెళ్లకపోవడమే తెలివైన పని.

ఇక్కడే కొలతకు సంబంధించిన ఒక ఉచ్చు ఉంది. కాంతి పరిక్షేపణ యంత్రం కణాల కదలిక వేగాన్ని చూసి, ద్రవం స్నిగ్ధతను (జిగటదనాన్ని) ఉపయోగించి పరిమాణాన్ని లెక్కిస్తుంది. 25 శాతం ఇథనాల్ కలిసిన నీటి స్నిగ్ధత గది ఉష్ణోగ్రత దగ్గర మామూలు నీటికి దాదాపు రెట్టింపు. యంత్రంలో నీరు అని నమోదు చేసి, చిప్ నుంచి వచ్చిన ద్రవాన్ని అలాగే కొలిస్తే 50 నానోమీటర్ల లైపోసోమ్ 100కు దగ్గరగా కనిపిస్తుంది. ఇథనాల్ తీశాక మళ్లీ కొలిచి, వడపోతలో పరిమాణం సగానికి తగ్గిందని దానికొక సిద్ధాంతం కట్టడం సులువు.

మందును లోపల నింపే ప్రశ్నకు తిరిగి వెళదాం. లోపల చిక్కే నీరు 3 శాతమే అయితే డాక్సిల్‌లో ఒక్కో లైపోసోమ్‌లోకి 10,000 నుంచి 15,000 డాక్సోరుబిసిన్ అణువులు ఎలా చేరాయి? డాక్సిల్ రూపకర్తలు బారెన్‌హోల్ట్స్, గబిజోన్ తదితరులు వాడిన ఉపాయం ఇది. లైపోసోమ్‌లను అమ్మోనియం సల్ఫేట్ ద్రావణంలో తయారు చేసి, బయట ఉన్న అమ్మోనియం సల్ఫేట్‌ను తీసివేస్తారు. లోపలి నుంచి అమ్మోనియా అణువులు పొర దాటి బయటికి పోతూ ప్రోటాన్లను లోపల వదిలి వెళతాయి. బయట కలిపిన డాక్సోరుబిసిన్‌లో ఆవేశం లేని రూపం పొర దాటి లోపలికి వచ్చి, అక్కడ ప్రోటాన్‌ను అందుకుని ఆవేశం పొందుతుంది, ఇక తిరిగి బయటికి రాలేదు. పైగా సల్ఫేట్‌తో కలిసి లోపల పోగుబడి స్ఫటికంలా పేరుకుంటుంది. కలిపిన మందులో 90 శాతానికి పైగా ఇలా లోపలికి చేరుతుంది. బలహీన క్షారాలైన మందులకు ఈ మార్గాన్ని మించినది నాకు కనబడదు. ఇందులో చిప్ పని ఖాళీ లైపోసోమ్‌లను తయారు చేయడం వరకే. అందులోనూ ఒక జాగ్రత్త అవసరం. అమ్మోనియం సల్ఫేట్ ఇథనాల్‌లో కరగదు. గాఢమైన ఉప్పు ద్రావణం, స్వచ్ఛమైన ఇథనాల్ కాలువలో ఎదురైనప్పుడు సరిహద్దు వద్ద ఉప్పు విడిపోయే ప్రమాదం ఉంది. నీటి వాటాను పెంచడం, మిశ్రణ స్థలాన్ని వెచ్చగా ఉంచడం దానికి విరుగుడు.

అమ్మోనియం సల్ఫేట్ పద్ధతికి లొంగని మందులున్నాయి. నీటిలో సరిగా కరగని మందును ఇథనాల్ ధారలో కొవ్వుతోపాటు పంపవచ్చు, చిప్‌కు ఇది బాగా నప్పే పని. కానీ పొరలో పట్టే మందు పరిమితం. మించిన మందు లైపోసోమ్‌ల పక్కనే నానో స్ఫటికాలుగా తేలుతూ ఉంటుంది. దానిని వేరు చేయకుండా కొలిచి, మందు బాగా ఎక్కిందని సంతోషించిన పరిశోధన వ్యాసాలు కొన్ని లేకపోలేదు.

ఇక సీసాలో నిల్వ. లైపోసోమ్‌ను భౌతికంగా చెడగొట్టేవి కలయిక, గుంపు కట్టడం, కారడం అయితే, రసాయనికంగా చెడగొట్టేవి రెండు. మొదటిది జలవిశ్లేషణ. ఫాస్ఫోలిపిడ్‌లో తోకలను పట్టి ఉంచిన ఎస్టర్ బంధాలను నీరు తెంచుతుంది. ఒక తోక తెగిన అణువు సబ్బులాగా ప్రవర్తించి పొరను చిల్లులు పడేలా చేస్తుంది. ఈ చర్య పీహెచ్ 6.5 దగ్గర అతి తక్కువ వేగంతో జరుగుతుంది. డాక్సిల్‌ను హిస్టిడిన్ బఫర్‌లో సరిగ్గా ఆ పీహెచ్ వద్ద, 2 నుంచి 8 డిగ్రీల మధ్య నిల్వ ఉంచమనడం ఊరికే కాదు. శరీరంలో 7.4 ఉంటుంది కదా అని అలవాటుగా ఫాస్ఫేట్ బఫర్‌లో నిల్వ చేసేవారు ఈ సంగతి గమనించాలి. రెండోది ఆక్సీకరణం. తోకల్లో ద్విబంధాలుంటే ఆక్సిజన్ వాటిని పట్టుకుంటుంది. సంతృప్త కొవ్వులు వాడడం, నత్రజని వాయువు కింద సీసా మూయడం, లోహపు అయాన్లను పట్టే ఈడీటీఏ కలపడం దీనికి తెలిసిన మార్గాలు. సీసాను గడ్డకట్టించకూడదు. మంచు స్ఫటికాలు పొరలను చీలుస్తాయి. తప్పనిసరిగా ఎండబెట్టాలంటే సుక్రోజ్ గానీ ట్రెహలోజ్ గానీ కలిపి, ఘనీభవన స్థితిలో ఆరబెట్టాలి. ఆంఫోటెరిసిన్ అనే ఫంగస్ మందును మోసే ఆంబిసోమ్ అలా సుక్రోజ్‌తో పొడిగా వస్తుంది, వాడే ముందు దానిలో నీరు కలుపుతారు.

నిలకడను పరీక్షించేటప్పుడు పరిమాణాన్ని మాత్రమే చూసి ఊరుకోవడం నాకు నచ్చని అలవాటు. లైపోసోమ్ పరిమాణం మారకుండానే దాని మందంతా బయటికి పోయి ఉండవచ్చు. మరోపక్క, పరిక్షేపణ తీవ్రత వ్యాసం ఆరో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది కనుక 200 నానోమీటర్ల ఒక్క కణం 100 నానోమీటర్ల 64 కణాలంత వెలుగునిస్తుంది. సగటు కదలకముందే పెద్ద కణాల తోక కనబడుతుంది కాబట్టి, సగటును కాకుండా వ్యాప్తిని చూస్తే ముందస్తు హెచ్చరిక దొరుకుతుంది. వ్యాప్తి సూచిక 0.2 కంటే తక్కువ ఉండాలన్నది వాడుకలో ఉన్న హద్దు. దానితోపాటు లోపల ఉన్న మందు శాతాన్ని, తోక తెగిన కొవ్వు అణువుల శాతాన్ని నిర్ణీత కాలవ్యవధుల్లో కొలవాలి. మందు విడుదలను బఫర్‌లో మాత్రమే చూస్తే సరిపోదు, 37 డిగ్రీల వద్ద సీరంలో కూడా చూడాలి. బఫర్‌లో వారాలు నిలిచిన పొర సీరం ప్రోటీన్ల సమక్షంలో గంటల్లో సడలిపోవడం తరచూ జరిగేదే. ఒంటిపొరా కాదా, మూసుకుందా లేదా అన్నది తేలాలంటే శీతల ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చిత్రమే ప్రమాణం.

పెద్ద ఎత్తున ఉత్పత్తి గురించి ఒకటి రెండు మాటలు. నిమిషానికి 12 మిల్లీలీటర్ల చిప్ గంటకు 720 మిల్లీలీటర్లు ఇస్తుంది. తొలి దశ మానవ పరీక్షలకు అది చాలవచ్చు. అంతకు మించి కావాలంటే అవే కాలువలను పక్కపక్కన అనేకం పెట్టడం ఒక మార్గం. అన్నిటిలోనూ ప్రవాహం సమానంగా పంచబడేలా చేయడం దానిలోని కష్టం. ఒక్కటి మూసుకుపోయినా మిగిలిన వాటి నిష్పత్తి మారిపోతుంది. పెద్ద గొట్టంలో సుడుల సాయంతోనే అంత వేగంగా కలపడం రెండో మార్గం. 2020 చివరి నుంచి వచ్చిన ఎంఆర్‌ఎన్‌ఏ టీకాల కొవ్వు నానోకణాలను ఎదురెదురు జెట్‌లు ఢీకొనే మిక్సర్లతో పెద్ద ఎత్తున తయారు చేశారు. వాటి లోపలి నిర్మాణం లైపోసోమ్‌ది కాదు గానీ, మిశ్రణ సూత్రం ఇదే. ఈ రెండో మార్గంలో నడవదలచినవారు చిప్ దశలోనే ఆ చదునైన భాగంలో పనిచేసి ఉంటే, యంత్రం మారినా పరిమాణం పెద్దగా మారదు.

మారేది మాత్రం వేచి ఉండే కాలం. ప్రయోగశాలలో చిప్ నుంచి బఫర్‌లోకి, అక్కడి నుంచి డయాలిసిస్ సంచిలోకి వెళ్లడానికి నిమిషాలు పడితే, కర్మాగారంలో మొదట పుట్టిన లైపోసోమ్ తొట్టి నిండేదాకా గంటల తరబడి ఇథనాల్‌లో ఎదురుచూడవలసి రావచ్చు. కనుక చిప్ దశలో ఉన్నప్పుడే కొంత నమూనాను కావాలనే ఇథనాల్‌తో ఒక గంట, నాలుగు గంటలు, ఒక రాత్రి చొప్పున ఉంచి, పరిమాణం, వ్యాప్తి, మందు కారడం మూడూ కొలిచి పెట్టుకోండి. తరవాత ఎవరైనా తొట్టి ఎంత పెద్దది కావాలని అడిగితే సమాధానం ఆ పట్టికలో ఉంటుంది.